దారీ, తెలివీ

ఫిలింనగర్ చుట్టుపక్కల 'నాగార్జున' అంటే ఏ నాగార్జున అని ఎవరూ అడగరు. ఆటోలో అన్నా, టీ కొట్టు దగ్గర అన్నా మాట నేరుగా హీరో దగ్గరికే పోతుంది. నేనుండేది కొండ దిగువన, షేక్‌పేటలో. డబ్బింగ్ సినిమాలకి మాటలు రాసే పని అప్పుడప్పుడూ దొరుకుతుంది కాబట్టి పైకి వెళ్లొస్తుంటాను. ఆ మధ్య రికార్డింగ్‌కీ రికార్డింగ్‌కీ మధ్య ఖాళీలో 'మూలమధ్యమకకారిక' తిరగేస్తుంటే, అక్కడ పనిచేసే కుర్రాడొకడు అట్ట మీద పేరు చూసి "నాగార్జున పుస్తకం కూడా రాసిండా అన్నా?" అన్నాడు. ఈయన వేరే, పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి ఆచార్యుడు అని చెప్పాను. దేని గురించి రాశాడని అడిగితే, 'నేను' అని మనం పట్టుకు వేలాడేది వెతికితే దొరకదని రాశాడన్నాను. "అదే కదన్నా తావో కూడా! నేను, నాది అనుకోకుండ ఫ్లోలో పోవుడే. రీల్స్‌ల చూసిన" అని తేల్చేసి టీ తేవడానికి వెళ్లిపోయాడు.

ఆ కుర్రాడిని అనడానికేం లేదు. చదువుకున్నవాళ్లూ అదే అంటారు. పుస్తకాల షాపుల్లో బుద్ధుడూ లావో త్సూ ఒకే అరలో పక్కపక్కన నిలబడి ఉంటారు. రెండు బోధలూ అహాన్ని వదలమంటాయి. రెండూ మాటల్ని మరీ నమ్మొద్దంటాయి. రెండింటి చివరా విముక్తి అని ఒకటి ఉంటుంది. ఇంక తేడా ఏముంది, పండితులు కొట్టుకోవడానికి తప్ప?

ఉందనే అనుకుంటున్నాను. అది పండితుల తేడా కాదు. ఇంట్లో చావు జరిగినప్పుడు, పక్కవాడి కష్టార్జితం ఎవరో ఎగ్గొట్టినప్పుడు ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో తేల్చే తేడా.

*

ముందు బౌద్ధం వైపు నుంచి వద్దాం. అనాత్మ అనే మాట అర్థం చేసుకోవడానికి ఫిలింనగర్‌ని మించిన బడి లేదు. తెర మీది హీరోని తీసుకోండి. ఒళ్లు ఒకరిది. గొంతు, డబ్బింగ్ సినిమా అయితే, ఇంకొకరిది. పాట మూడో మనిషి పాడతాడు. మేడ మీంచి దూకేది డూప్. కన్నీళ్లు గ్లిజరిన్‌వి. మాటలు రాసినవాడు ఏ మూలో కూర్చుని ఉంటాడు. పేరు కూడా అమ్మానాన్నా పెట్టింది కాకపోవచ్చు, అక్షరాలు లెక్కపెట్టి మార్చుకున్నది కావచ్చు. వీటన్నిటినీ విడదీసి బల్ల మీద పరిచి 'ఇందులో హీరో ఏది?' అని అడిగితే వేలు పెట్టి చూపించలేం. అలాగని హీరో లేడనగలమా? మొదటి ఆట దగ్గర విజిళ్లు ఎవరి కోసం?

'మిలిందపన్హ'లో నాగసేన భిక్షువు గ్రీకు రాజు మినాండర్‌కి రథాన్ని చూపించి నడిపిన వాదన ఇదే. చక్రాలు రథం కాదు, ఇరుసు కాదు, కాడి కాదు. అవన్నీ ఒక తీరులో కూడినప్పుడు 'రథం' అనే పేరు పనికొస్తుంది, అంతే. మనిషీ అంతేనంటుంది బౌద్ధం. శరీరం, అనుభూతి, గుర్తుపట్టడం, అలవాట్లు, ఎరుక అనే ఐదు పోగుల కూడిక. లోపల కూర్చుని ఇవన్నీ నాదే అనే యజమాని ఒకడున్నాడని మనకి గట్టి నమ్మకం. వెతికితే మాత్రం అద్దెకుంటున్నవాళ్లే కనిపిస్తారు, ఇల్లుగలాయన కనపడడు.

నాగార్జునుడు ఇంకో అడుగు వేశాడు. ఆ పోగులకి కూడా సొంతంగా నిలబడే ఉనికి లేదన్నాడు. గొంతు గొంతుగా ఉండాలంటే గాలి కావాలి, వినే చెవి కావాలి, మాటకి అర్థం ఇచ్చే భాష కావాలి. శూన్యం అంటే ఏమీ లేకపోవడం కాదు, ఏదీ తనకు తానుగా లేకపోవడం. దాన్నే వేరే వైపు నుంచి చూస్తే ప్రతీత్య సముత్పాదం, అంటే ప్రతిదీ వేరే వాటి మీద ఆనుకుని పుట్టడం. ఆయన పుస్తకంలో 27 ప్రకరణాలున్నాయి. 24వ దాంట్లో ప్రత్యర్థి అడుగుతాడు: అన్నీ శూన్యమైతే దుఃఖమూ లేదు, దాని నివారణా లేదు, బుద్ధుడూ లేడు, ఇంక మిగిలిందేమిటి? నాగార్జునుడు ప్రశ్నని తిరగేస్తాడు. వస్తువులకి మారని స్వభావం ఉంటేనే అసలు చిక్కు. అప్పుడు దుఃఖం ఎప్పటికీ దుఃఖంగానే ఉండిపోతుంది, మూర్ఖుడు మూర్ఖుడిగానే. శూన్యం కాబట్టే మారడానికి వీలుంది.

శూన్యత అనగానే నిరాశ గుర్తొస్తుంది చాలామందికి. నాకు మాత్రం ఈ వాదనంతా ఆశ మీదే నిలబడినట్టు కనిపిస్తుంది.

*

ఈ ఆలోచన చైనా దాకా ఎలా వెళ్లిందో చూస్తే, 'అదే కదా' అనే మాట ఎంత పాతదో తెలుస్తుంది.

నాగార్జునుడు దక్షిణదేశపువాడని కుమారజీవుడి పేరు మీదున్న చైనా జీవితకథ చెబుతుంది. నాగార్జునకొండతో ఆయన పేరు ముడిపడింది తర్వాతి సంప్రదాయంలో. కానీ ఆ కొండ లోయకీ చైనాకీ మధ్య రాకపోకల ఎరుక ఉండేదని రాతి మీదే ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలంలో బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన శాసనం, సింహళ భిక్షువులు ధర్మం చేరవేసిన దేశాలని వరసగా చెబుతుంది. కాశ్మీరం, గాంధారం, వాటి వెనకే చీన. ఆ శాసనం ఉన్న విజయపురి లోయ ఇప్పుడు సాగర్ నీళ్ల కింద ఉంది. 1955లో డ్యామ్‌కి శంకుస్థాపన జరిగింది. మునిగేలోపు తవ్వి తీసినవి కొండ మీది మ్యూజియంలో నిలిచాయి.

కుమారజీవుడు 401లో చాంగాన్ నగరం చేరాడు. నాగార్జునుడి కారికల్ని, వాటి మీద ఒక వ్యాఖ్యతో కలిపి, 409లో చైనా భాషలోకి తెచ్చాడు. ఆయన కంటే రెండున్నర శతాబ్దాల ముందు నుంచే అక్కడ బౌద్ధ అనువాదాలు జరుగుతున్నాయి. కొత్త సంగతికి కొత్త మాట ఎక్కడ దొరుకుతుంది? చేతికందిన తావో మాటల్నే వాడారు. నిర్వాణానికి 'వు వెయ్', అంటే చేయకపోవడం, బలవంతం పెట్టకపోవడం. బోధికి 'తావో'. శూన్యతకి 'లేమి' అనే అర్థమొచ్చే మాట. ఇలా తెలిసిన మాటతో తెలియని దాన్ని జోడించి చెప్పే పద్ధతికి 'గయీ' అని పేరు. నాలుగో శతాబ్దంలోనే దావో ఆన్ అనే భిక్షువు ఇది సరికాదని అన్నాడు. డబ్బింగ్ రాసేవాడికి ఈ చిక్కు కొత్త కాదు. పెదాల కదలికకి సరిపోయే మాట దొరుకుతుంది, జనం ఒప్పుకుంటారు కూడా. అసలు పాత్ర అన్నది అది కాదని రాసినవాడికి తెలుసు.

ఈ అరువు మాటల మధ్య జరిగిన తమాషా ఒకటుంది. ఆత్మ లేదన్న బౌద్ధాన్ని చైనాలో వెనకేసుకొచ్చిన పెద్దలు కొందరు 'మనిషిలోని చైతన్యానికి చావు లేదు' అని వాదించారు. చావులేనిది ఏదో ఒకటి లేకపోతే కర్మఫలం ఎవరికి అందుతుందన్నది వాళ్ల దిగులు. హుయ్ యువాన్ అనే గొప్ప భిక్షువు (334–416) దీని మీద రాశాడు. వందేళ్ల తర్వాత ఫాన్ జెన్ అనే పండితుడు బౌద్ధాన్ని ఎదిరిస్తూ, చైతన్యానికీ శరీరానికీ ఉన్న సంబంధం పదునుకీ కత్తికీ ఉన్నదే అన్నాడు. కత్తి పోయాక పదును ఎక్కడుంటుంది? చూడండి, బౌద్ధం తరఫువాళ్లు ఆత్మవాదుల్లా మాట్లాడుతున్నారు, బౌద్ధాన్ని కొట్టడానికొచ్చినవాడు నాగసేనుడికి కాస్త దగ్గరగా నిలబడ్డాడు. బుద్ధుడుంటే ఇద్దరి మాటా ఒప్పుకునేవాడు కాదేమో. వచ్చగోత్తుడనే సన్యాసి వచ్చి ఆత్మ ఉందా అని అడిగితే ఆయన మాట్లాడలేదు. లేదా అని అడిగినా మాట్లాడలేదు.

*

'అదే కదా'కి అసలైన జవాబు ఏడో శతాబ్దంలో వచ్చింది. ఇచ్చినవాడు హుయాన్‌త్సాంగ్. మన స్కూలు పుస్తకాల్లో హర్షుడి పాఠంలో కనిపించే యాత్రికుడే. ఆయన ఆంధ్రదేశం కూడా వచ్చాడు. ధాన్యకటకంలో, అంటే ఇప్పటి అమరావతి దగ్గర, కొన్ని నెలలుండి మహాసాంఘికుల అభిధర్మం చదువుకున్నాడు.

తిరిగి వెళ్లాక, 647లో, తాంగ్ చక్రవర్తి ఆయనకో పని అప్పజెప్పాడు. లావో త్సు పుస్తకాన్ని కామరూప రాజు కోసం సంస్కృతంలోకి మార్చమని. తావో పండితులతో కూర్చుని చేయాల్సిన పని. మొదటి మాట దగ్గరే పేచీ వచ్చింది. 'తావో' అనే మాటకి సంస్కృతం ఏమిటి? తావో పండితుడు ఛాయ్ హువాంగ్ 'బోధి' అనమన్నాడు. ఇంతకాలం మీవాళ్లు బోధిని 'తావో' అనే కదా రాశారు, ఇప్పుడు అటునుంచి ఇటు వస్తే తప్పేంటని. వాదన న్యాయంగానే ఉంది. హుయాన్‌త్సాంగ్ ఒప్పుకోలేదు. బోధి అంటే మేలుకోవడం, తావో అంటే బాట, కాబట్టి 'మార్గ' అనే రాయాలన్నాడు.

ఒక్క మాట కోసం అంత పట్టుదల ఎందుకా అనిపించేది నాకు. ఆ గొడవని తెలుగులో పెట్టి చూసుకున్నాక అర్థమైంది. మన దగ్గర రెండు మంచి మాటలున్నాయి. ఒకటి దారి. దారిలో పడ్డాడు, దారికొచ్చాడు, దారి తప్పాడు, వాడి దారి వాడిది, ఇంకో దారి లేదు. నడిచే బాటా దారే, బతికే తీరూ దారే, గట్టెక్కే ఉపాయమూ దారే. తావోకి ఇంతకంటే దగ్గరి మాట ఇంకో భాషలో ఉంటుందా అని నా అనుమానం. రెండోది తెలివి. మామూలుగా బుద్ధి అనే అర్థంలో వాడతాం గానీ, కళ్లు తిరిగి పడిపోయినవాడికి నీళ్లు కొడితే 'తెలివొచ్చింది' అంటాం. బోధి అంటే అదీ. పడిపోయినవాడికి తెలివి రావడం.

తేడా ఇక్కడుంది. తెలివి రావాలంటే ముందు తెలివి తప్పి ఉండాలి. బౌద్ధం రోగంతో మొదలవుతుంది: దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది. దారి రోగంతో మొదలవదు. ఏరు పారుతున్నట్టు, ఎండాకాలం పోయి వానాకాలం వచ్చినట్టు, అది ఉంది. మనమే అడ్డంపడి, సరిచేయబోయి, పేర్లు పెట్టి, హెచ్చుతగ్గులు పెట్టి పాడుచేసుకుంటున్నాం. బౌద్ధుడు 'నేను'ని వెతుకుతాడు, దొరకదని తేల్చుకుని పట్టు వదులుతాడు. తావో మనిషి వెతకడు, మరిచిపోతాడు. చెప్పు కాలికి సరిగ్గా సరిపోతే కాలు గుర్తుకు రాదని చువాంగ్ త్సు ఒక పోలిక చెబుతాడు. అలా.

ఆ మరపు ఎలా ఉంటుందో డబ్బింగ్ థియేటర్‌లో చూశాను. కొత్తవాళ్లు తెర మీది పెదాల్నే చూస్తూ వాటి వెనక పరిగెడతారు, మాట ఎప్పుడూ ఒక పిసరు వెనకబడుతుంది. ఇరవై ఏళ్లుగా చేస్తున్న ఒకావిడ పెదాలు చూడనే చూడదు. నటి ఊపిరి ఎక్కడ తీస్తుందో పట్టుకుంటుంది, ఆ తర్వాత గొంతు దానంతటదే సరిపోతుంది. ఎలా చేస్తారమ్మా అని అడిగితే, చేయాలనుకున్న రోజున కుదరదు అంది. చువాంగ్ త్సు కథల్లో 19 ఏళ్లుగా ఒకే కత్తితో ఎడ్లు కోసినా పదును తగ్గని వంటవాడు చెప్పేదీ దాదాపు ఇదే. కీళ్ల మధ్య సందులోంచి కత్తి పోతుంది, ఎముకతో గొడవ పెట్టుకోదు. 'నేను కోస్తున్నాను' అనేవాడు అక్కడ లేడు.

మేలుకోవడం గురించి కూడా ఇద్దరి పద్ధతీ వేరు. బుద్ధుడనే పేరుకే మేలుకున్నవాడని అర్థం. కల అయిపోయింది, తెల్లారింది. సీతాకోకచిలుక అయినట్టు కలగన్న చువాంగ్ త్సు లేచాక ఆ ధీమా చూపించడు. నేను సీతాకోకనని కలగన్నానా, ఇప్పుడు సీతాకోక నేనని కలగంటోందా అని తేల్చకుండా వదిలేస్తాడు. బౌద్ధుడికి అది ఇంకా నిద్రలాగే కనిపిస్తుంది. చువాంగ్ త్సుకి 'నేను మేలుకున్నాను' అని చాటుకునేవాడే నిద్రలో ఉన్నట్టు కనిపిస్తాడు.

విముక్తి కూడా అంతే. నిర్వాణం అంటే దీపం ఆరడం లాంటిది, కోరిక అనే నూనె అయిపోవడం. తావో మతం కాలక్రమంలో సరిగ్గా ఎదురు దారి కూడా పట్టింది. నాలుగో శతాబ్దపు గ లాంటి రసవాదులు దీపం ఆరకుండా ఉండడానికి అమృతం మందులు నూరారు. అందులోనూ మన నాగార్జునుడికి వాటా దక్కింది. హుయాన్‌త్సాంగే రాసుకున్నాడు, నాగార్జునుడు ఆయువు పెంచే మందు తెలిసినవాడని, రాళ్లని బంగారం చేశాడని. ఏదీ నిలవదని వాదించినవాడిని జనం వందల ఏళ్లు బతికించారు. చావంటే మనకున్న భయం అలాంటిది.

*

చావు మాట వచ్చింది కాబట్టి అక్కడే ఆగుదాం. ఈ రెండు బోధల్నీ పరీక్షకి పెట్టే చోటు అదే.

మూడేళ్ల కిందట అమ్మ పోయింది. ఉదయం నుంచీ ఎవరో ఫోన్‌లో ఘంటసాల భగవద్గీత పెట్టారు. తెలుగు చావిళ్లలో అది తప్పదు. వైకుంఠరథంలోనూ అదే. 1974లో పోయిన ఘంటసాల తన చివరి రోజుల్లో పాడిన గీత ఇప్పుడు మన అందరి చివరి రోజునా మోగుతుంది. సినిమా పాట పాడిన గొంతే ఆత్మకి చావు లేదని చెబుతుంటుంది. ఆ గొంతు వింటే ధైర్యం వస్తుంది, కాదనను. ఆ పూటకి నన్ను నిలబెట్టింది అర్థం కాదు, గొంతే.

పెద్దకర్మ దాకా జనం వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్లు తాత్త్వికంగా ఏమీ మాట్లాడలేదు. ప్రతివాళ్లూ వాళ్ల చావు ఒకటి చెప్పారు. మా ఆయన పోయినప్పుడు ఆరునెల్లు అన్నం రుచి తెలీలేదంది ఒకావిడ. మా అన్న బండి మీద పోతూ పోతూనే పోయాడని ఒకాయన. షేక్‌పేటలో మా కింది పోర్షన్‌లో ఉండే ఖాలా ఏమీ అనకుండా చాలాసేపు కూర్చుని, లేవబోతూ, నా కొడుకుంటే నీ ఈడే బేటా అంది. పదేళ్లుగా పొద్దున్నే పలకరిస్తున్న ఆమెకి పోయిన కొడుకు ఒకడున్నాడని ఆ రోజే తెలిసింది.

చువాంగ్ త్సు భార్య పోయినప్పుడు పరామర్శకి వెళ్లిన స్నేహితుడికి ఆయన నేల మీద కాళ్లు చాపుకుని, గిన్నె బోర్లించి వాయిస్తూ పాడుతూ కనిపించాడు. ఇదేం పనని స్నేహితుడు కోప్పడ్డాడు. మొదట నాకూ దుఃఖం రాలేదా అన్నాడాయన. తర్వాత ఆలోచించాను, పుట్టకముందు ఆమె లేదు, ఏ రూపమూ లేనిదాంట్లోంచి రూపం వచ్చింది, ఇప్పుడు మళ్లీ మారింది, రుతువులు మారినట్టు. పెద్ద గదిలో పడుకున్న మనిషి పక్కన కూర్చుని ఏడవడం, జరుగుతున్నది నాకు తెలియదని ఒప్పుకోవడమే అనిపించి మానేశాను.

శ్రావస్తిలో కిసాగోతమి చచ్చిపోయిన బిడ్డని ఎత్తుకుని మందు కోసం తిరుగుతూ బుద్ధుడి దగ్గరికి వచ్చింది. చావు జరగని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు. ఆవాలు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి, చావూ ఉంది. సాయంత్రానికి ఆమెకి విషయం తెలిసింది.

రెండు కథల్లోనూ దుఃఖం తగ్గింది. రెండింట్లోనూ 'నా దుఃఖం' అనేదానిలో 'నా' పలచబడింది. కానీ చువాంగ్ త్సు రుతువుల వైపు చూశాడు, గోతమి ఇరుగుపొరుగు తలుపులు తట్టింది. ఆయన ఒంటరిగా విశ్వమంత అయ్యాడు, ఆమె ఊరంత అయింది. మా ఇంటికి వచ్చి తమ తమ చావులు చెప్పి వెళ్లినవాళ్లు తెలియకుండానే చేసింది గోతమి పనే. మేం తలుపులు తట్టక్కర్లేకుండా తలుపులే మా ఇంటికి నడిచొచ్చాయి.

రెండిట్లో ఏది గొప్పదని అడిగితే చెప్పలేను. వర్షంలో బాల్కనీలో ఒక్కడినే కూర్చున్నప్పుడు చువాంగ్ త్సు పనికొస్తాడు. ఖాలా ఎదురుగా కూర్చున్నప్పుడు మాత్రం ఆయన్ని బయటికి తీయలేను. రుతువులు మారతాయి కదా ఖాలా అని ఆమెతో ఎలా అనడం?

*

నేను చెప్పాలనుకున్నది ఇదే. ఈ బోధలన్నీ ఉత్తమ పురుషలో మందులు, మధ్యమ పురుషలో విషాలు. 'నేను పట్టు వదలాలి' అని నాకు నేను చెప్పుకుంటే విముక్తి. 'నువ్వు పట్టు వదిలెయ్' అని ఇంకొకరికి చెబితే, చాలాసార్లు, అది వాళ్ల నోరు మూయడం. చువాంగ్ త్సు గిన్నె వాయించింది తన భార్య చావుకి, పక్కింటివాడి భార్య చావుకి కాదు. బుద్ధుడు బిడ్డ పోయిన తల్లితో ఆత్మ లేదని గానీ అన్నీ అనిత్యమని గానీ అనలేదు. ఒక పని చెప్పి పంపాడు. అదే చువాంగ్ త్సు పుస్తకంలో లావో త్సు చావుకి వెళ్లి మూడు కేకలు పెట్టి బయటికొచ్చేసి, లోపల ఏడుస్తున్నవాళ్లని తప్పుపట్టే ఒకాయన కథ కూడా ఉంది. ఎంత లోతైన మాటలు చెప్పినా ఆయన నాకు నచ్చడు. వేరేవాళ్ల ఏడుపుకి తన జ్ఞానంతో కొలత పెట్టాడు.

మన నగరంలో ఈ మధ్యమ పురుష వ్యాపారం జోరుగా ఉంది. రాయదుర్గం ఆఫీసుల్లో పని గంటలు తగ్గించరు గానీ ధ్యానం క్లాసు పెడతారు. కృష్ణానగర్ గదుల్లో ఉండే జూనియర్ ఆర్టిస్టు బేటా డబ్బులు ఎప్పుడొస్తాయని అడిగితే 'నెగెటివ్‌గా ఉండకు, ఫ్లోలో పో' అనేవాళ్లుంటారు. ఫ్లో అనే మాట ఎవరి నోట్లో ఉందో చూడాలి. ఒడ్డున నిలబడినవాడు మునుగుతున్నవాడికి చెప్పాల్సిన మాట కాదది.

నిజానికి లావో త్సు అలాంటి మాట అనలేదు. జనం ఆకలితో ఉంటే కారణం పైవాళ్లు పన్నులు మింగడమేనని సూటిగా అన్నాడు. ఆయన చేయకపోవడాన్ని బోధించింది ముందు పాలకుడికి. నీ చెయ్యి వాళ్ల మెడ మీంచి తియ్యి అని. 184లో చైనాని కుదిపేసిన పచ్చ తలపాగాల తిరుగుబాటు తావో నమ్మకాల్లోంచే లేచింది. నాగార్జునుడూ అంతే. శూన్యత మీద అంత సూక్ష్మంగా రాసిన ఆయనే ఒక రాజుకి 'రత్నావళి' రాశాడు. అందులో ఖైదీలకి మంగలి, స్నానం, తిండి, మందులు ఏర్పాటు చేయమంటాడు. కష్టకాలంలో రైతుకి విత్తనాలిచ్చి పన్ను తగ్గించమంటాడు. ఏదీ తనకు తానుగా లేదని నిజంగా నమ్మినవాడికి ఖైదీ స్నానం కూడా తత్త్వంలో భాగమే. ఖైదీ కూడా మారని స్వభావంతో పుట్టినవాడు కాదు కదా.

అంబేడ్కర్ బుద్ధుణ్ని చదివిన తీరు ఇక్కడే గుర్తుచేసుకోవాలి. ఆయనకంటే ముందు, 1907లో, మద్రాసులో పోకల లక్ష్మీనరసు బౌద్ధ సారం మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. 1948లో దాన్ని మళ్లీ వేసినప్పుడు అంబేడ్కరే ముందుమాట రాశారు. ఆయన చివరి పుస్తకంలో, బుద్ధుడి మీద రాసిందాంట్లో, ఆత్మ లేదన్న మాట ధ్యానం గదిలోది కాదు. పోయిన జన్మ కర్మ వల్లే నువ్విలా పుట్టావని చెప్పే వాదన కాళ్లు నరకడానికి వాడిన గొడ్డలి. పుట్టిన దగ్గర్నుంచీ 'నువ్వు ఏమీ కావు' అని విన్నవాడికి, అన్నీ ఉన్నవాడొకడు వచ్చి 'నువ్వు ఏమీ కావు, అదే నిర్వాణం' అంటే అది అవమానం. అదే మాటని ఆ మనిషి తనంతట తను ఎత్తుకుని, 'నా మీద మీరు రాసిన స్వభావమేదీ నాది కాదు' అంటే అది విడుదల. వాక్యం దాదాపు ఒకటే. పురుష మారింది.

*

అందుకే 647 నాటి ఆ పేచీలో నేను హుయాన్‌త్సాంగ్ వైపు ఉంటాను. బౌద్ధం గొప్పదనీ తావో తక్కువదనీ కాదు. రెండు మాటలూ రెండు మాటలుగా ఉండాలి కాబట్టి. 'దారి'నీ 'తెలివి'నీ కలిపేస్తే, దారి చూపించినవాడు తెలివి కూడా తానే ఇచ్చేశాననుకుంటాడు. గురువులు, యాప్‌లు, రీల్స్ అన్నీ అమ్మేది ఆ కలిపేసిన సరుకే.

షేక్‌పేటలో కుతుబ్‌షాహీల కాలపు సరాయి ఒకటుంది. గోల్కొండ దారిన పోయే బాటసారులు ఆగడానికి కట్టింది. ఎవరి సొంతమూ కాని గదులు, మధ్యలో వాకిలి. వచ్చినవాడికి నీడా నీళ్లూ దొరుకుతాయి, తెల్లారితే వెళ్లిపోతాడు. సరాయి వాడి బదులు నడవదు, ఎటు పోవాలో చెప్పదు. సాటి మనిషి సాటి మనిషికి చేయగలిగింది కూడా అంతేనేమో అనిపిస్తుంది. బుద్ధుడు గోతమికి ఇచ్చింది గుప్పెడు ఆవాల సాకుతో ఊరిలోకి ఒక దారి. తెలివి ఆమెకి ఏ గడప దగ్గర వచ్చిందో ఆయన పక్కన లేడు. ఉండాల్సిన అవసరం కూడా లేదు.